పిండిలో రథం

పోయినవారం మనం మూసిన తలుపుల దగ్గర ఆగాం.

భ్రమరాంబగారు పోయి అప్పటికి తొమ్మిది రోజులు. పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు. తెల్లవారుజామున స్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టడానికి వస్తూ, హాల్లో తడి నేల మీద కాలుజారి, తల గడపకు తగిలి, ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం విడిచిందావిడ. ఆ వేళకు వంటింటి వెనక బాల్కనీలో గిన్నెలు తోముతున్న పనిమనిషి తెరేసమ్మే నేలంతా తడిచేసి, పొడిగుడ్డ వెయ్యకుండా వదిలేసిందని ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ తీర్మానించేశారు. “నేను తడిగుడ్డ ముట్టుకోలేదమ్మా” అని తెరేసమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎవరూ వినలేదు. మధ్యాహ్నానికల్లా ఆ అపార్టుమెంటులో ఆమె పనిచేసే మిగతా నాలుగిళ్ళూ ఆమెను రావద్దన్నాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం భ్రమరాంబగారి కూతురు రమాసుందరి, హాల్లో తల్లిని పడుకోబెట్టిన చోట వెలుగుతున్న దీపం చుట్టూ, తూర్పు గోడ దాకా, బియ్యప్పిండి జల్లించి పలచగా పరిచింది. పోయిన జీవుడు వచ్చి దీపాన్ని చూసి వెళ్తాడనీ, పిండిలో పడిన గుర్తును బట్టి ఏ గతికి వెళ్ళిందీ తెలుస్తుందనీ వాళ్ళింటి నమ్మకం. దీపంలో నిండా నూనె పోసి, హాల్లోకి తెరుచుకునే తలుపులన్నీ దగ్గరగా వేసి, అందరూ గదుల్లోకి వెళ్ళిపోయారు.

ఇక పదో రోజు తెల్లారింది.

తలుపు తీసింది రమాసుందరే. ఆమె వెనక భర్త గంగాప్రసాద్, ఆయన వెనక ఆమె తమ్ముడు విశ్వేశ్వర్, అందరికన్నా వెనక విశ్వేశ్వర్ భార్య నాగవల్లి. గడప లోపల అడుగు పెట్టబోయిన రమాసుందరి కాలు అలాగే ఆగిపోయింది.

పిండి మీద గుర్తు పడింది.

పక్షి పాదం కాదు, ఆవు గిట్ట కాదు, మనిషి అడుగూ కాదు. తూర్పు గోడ దగ్గర మొదలై అడుగు వెడల్పున ఒక దారి. ఆ దారిలో పిండి ఎవరో మెత్తని చేత్తో తీసేసినట్టు పలచబడింది. మిగిలిన ఆ పలచని పొర మీద రెండు సన్నని గీతలు, రైలు పట్టాల్లా, ఎక్కడా దగ్గర కాకుండా ఎక్కడా దూరం కాకుండా సాగాయి. దీపం దాకా వచ్చి, దీపానికి తగలకుండా చక్కగా వంపు తిరిగి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వచ్చిన దిక్కుకే వెళ్ళిపోయాయి. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది.

“చక్రాలు,” అంది రమాసుందరి. “చూశావురా తమ్ముడూ. రథమొచ్చింది. అమ్మ దీపం చుట్టూ తిరిగి, అమ్మను ఎక్కించుకుని తీసుకెళ్ళింది.”

గంగాప్రసాద్ కళ్ళజోడు సవరించుకున్నాడు. మంగళగిరిలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. “రథమైతే గుర్రాల డెక్కలేవీ మరి?”

“పైనుంచొచ్చే రథానికి గుర్రాలెందుకండీ. మీకు ప్రతిదీ లెక్కే.”

“నేనేం కాదన్నానా. అడిగాను, అంతే.” ఆయన కూడా చేతులు జోడించాడు.

విశ్వేశ్వర్ మాత్రం ఆ గీతల వంక చూస్తూ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. శ్మశానంలో ఏడవని మనిషి, తొమ్మిది రోజులుగా నోట్లో ముద్ద పెడితే మింగడం కూడా మరిచిపోయినట్టున్న మనిషి, భుజాలు అదిరేలా ఏడ్చాడు. రమాసుందరి పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. “ఏడవనీ వల్లీ. ఇన్నాళ్ళూ గడ్డకట్టుకుపోయాడు. ఇప్పుడు కరుగుతోంది. అమ్మకు మంచిగతి కలిగిందని తెలిసింది కదా.”

నాగవల్లి తల ఊపింది. ఆమెకు కూడా కళ్ళు నిండాయి. అత్తగారికి ఆమె పద్దెనిమిదేళ్ళుగా కోడలు. రోజూ పొద్దున్నే విష్ణుసహస్రనామం చదివి గానీ మంచినీళ్ళు ముట్టని మనిషికి రథం రాకపోతే ఇంకెవరికొస్తుంది? రావాలి. వచ్చి ఉంటే ఎంత బాగుండును.

ఎందుకంటే ఆమె చూపు ఆ గీతల వెంటే నడిచి, అవి ఎక్కడికి వెళ్ళాయో చూసింది. తూర్పు గోడ వారగా, టీవీ బల్ల వెనక్కి.

ఆ బల్ల వెనక ఊడ్చే మిషను ఉంది.

రెండు నెలల క్రితం, ఎండలు అప్పుడే ముదురుతున్న రోజుల్లో వచ్చింది అది ఇంటికి. విశ్వేశ్వర్‌కు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు. టైర్ల కంపెనీవాళ్ళు డీలర్లను సింగపూర్ తిప్పుకొచ్చినప్పుడు అక్కడి బజార్లో చూసి తెచ్చాడు. అట్లపెనం అంత గుండ్రంగా, జానెడు ఎత్తు కూడా లేకుండా ఉంటుంది. ముందు దుమ్ము పీలుస్తుంది, వెనక తడిగుడ్డ ఈడ్చుకుంటూ తుడుస్తుంది. ఊడవడం, తుడవడం రెండూ ఒకే చుట్టులో. పని అయిపోగానే తనంతట తనే గోడ దగ్గర చార్జింగు పీటకు పోయి ఆనుకుంటుంది. మొదటి వారం అపార్టుమెంటంతా వచ్చి చూసి వెళ్ళారు.

“నా సవతొచ్చిందండోయ్,” అంది తెరేసమ్మ ఆరోజు నవ్వుతూ. “పోన్లెండి, తిండి పెట్టక్కర్లేదు దీనికి.”

కానీ పనిలోకి వచ్చిన నాటి నుంచీ దానికి చాకిరీ చేసింది ఆమే. అది వచ్చే దారిలో కుర్చీలెత్తేది. ఫ్యాను వైర్లు జరిపేది. దాని బ్రష్షులో చిక్కుకున్న వెంట్రుకలు పాత బ్లేడుతో కోసి తీసేది. గుడ్డ ఉతికి ఆరేసేది. అది ఎక్కడ చుట్టూ తిరిగి వదిలేస్తుందో, ఏ మూల మరిచిపోతుందో ఆమెకు తెలిసినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక భ్రమరాంబగారికి మొదట భయం. అది దగ్గరకొస్తే కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకునేది. తర్వాత్తర్వాత “ఇటు కాదమ్మా, అటు పో” అని దాంతో మాట్లాడేది కూడా.

రోజూ ఎనిమిది గంటలకు నాగవల్లి దాని నెత్తిన మీట నొక్కేది. మీట నొక్కితేనే నడుస్తుందని ఆమె నమ్మకం. అత్తగారు పోయిన రోజు నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. విశ్వేశ్వర్ స్విచ్చి కట్టేసి ఉంచాడు.

ఆ స్విచ్చి బోర్డుకే ఇప్పుడు దోమల మందు మిషను ఎర్రలైటు వెలుగుతోంది. దీపం దగ్గర జపానికి దోమలు కూర్చోనివ్వడం లేదని నిన్న మధ్యాహ్నం రమాసుందరి పెట్టుకున్నది. ఒకే స్విచ్చికి రెండు ప్లగ్గులు.

“నేను పొయ్యి వెలిగిస్తాను వదినా. పురోహితుడుగారొచ్చే వేళయింది,” అని నాగవల్లి గోడవారగా, పిండి తొక్కకుండా, టీవీ బల్ల దాటి వంటింటి వైపు నడిచింది. దాటుతూ వంగి చెయ్యి పెట్టింది. మిషను వెచ్చగా ఉంది, తొమ్మిది రోజులుగా నీళ్ళు పొయ్యక వెనక గుడ్డ ఎండిపోయి ఉంది. వేళ్ళు వెనక్కి తీసి చూసుకుంది. తెల్లగా ఉన్నాయి. బియ్యప్పిండి.

పొయ్యి వెలిగించలేదు. వంటింట్లో దేవుడి గూటి ముందు నిలబడి, రాముడి పటం వంక చూసింది. స్వామీ, గుర్తు నువ్వు పంపలేదా? లేక దీన్ని పంపించింది నువ్వేనా? ఆమెకు రెండు ప్రశ్నలూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత మూడో ప్రశ్న వచ్చింది.

మీట ఎవరూ నొక్కకుండా ఇవాళ తెల్లవారుజామున అది బయల్దేరిందంటే, ఆ రోజు తెల్లవారుజామున?

రమాసుందరీ గంగాప్రసాదూ స్నానాలకు వెళ్ళాక ఆమె మిషనును ఒళ్ళోకి తీసుకుని చూసింది. నెత్తిన చిన్న గడియారం అంకెలు. పక్కన ఆమె ఎప్పుడూ పట్టించుకోని గంట బొమ్మ. దాన్ని నొక్కింది. అయిదు ముప్ఫై. కింద వారంలో ఏడు రోజుల చుక్కలూ వెలిగాయి.

విశ్వేశ్వర్ పడకగదిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కళ్ళు వాచాయి. ఆమె తలుపు వేసి, దాన్ని తెచ్చి మంచం మీద అతని పక్కన పెట్టింది. చక్రాల సందుల్లో పిండి దుప్పటి మీద రాలింది.

“ఏవండీ. ఇది చూడండి.”

అతను చూడలేదు. తల వంచుకునే ఉన్నాడు. ఆశ్చర్యపోతాడనుకుంది. ఏమిటని అడుగుతాడనుకుంది. అడగలేదు. ఆ అడగకపోవడంలోనే ఆమెకు తెలిసిపోయింది. ఇందాక అతను ఏడ్చింది రథాన్ని చూసి కాదు. వదినగారు చక్రాలు అనకముందే అతను ఆ గీతల్ని గుర్తుపట్టాడు.

“మీకు తెలుసు,” అంది.

“ఊఁ.”

“ఎప్పట్నుంచి?”

“ఆ రోజే.” అతని గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. “చప్పుడు విని ముందు నేనే కదా హాల్లోకొచ్చాను. నువ్వు ఇంకా లేవలేదు, కూలర్ చప్పుడు. అమ్మ పడి ఉంది. ఇది అమ్మ చెయ్యి దగ్గర తిరుగుతోంది వల్లీ. చేతికి కొట్టుకుని వెనక్కెళ్ళి, మళ్ళీ కొట్టుకుంటోంది. పట్టి మూలకు నెట్టేశాను. స్విచ్చి తీసేశాను. ఎందుకు తీశానో తెలీదు. తర్వాత అమ్మను ఎత్తుకున్నాను.”

నాగవల్లి మిషను వంక చూసింది.

“తెరేసమ్మ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఎదురింటివాళ్ళొచ్చారు. నేలంతా తడి ఏంటి అన్నారెవరో. అందరూ ఆవిడ వైపు చూశారు. నేను మాట్లాడలేదు. అంతే.”

“అంతే కాదు. అపార్టుమెంటు సెక్రటరీ ఇంటికి వెళ్ళి చెప్పొచ్చింది మీరే. మిగతా ఇళ్ళకు ఆయనే కబురు పెట్టాడు.”

“అడిగారు. చెప్పాను. అప్పటికే ఒక మాట బయటికొచ్చేసింది, మళ్ళీ మార్చి ఎలా చెప్తాను?”

“ఎలాగంటే, నోటితో.”

అతను ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. “నేను కొనుక్కొచ్చిన వస్తువు. నేను పెట్టిన టైము. ముందురోజు రాత్రి భోజనమయ్యాక పెట్టి, పొద్దున చెప్దామనుకున్నాను మీకు. అమ్మను చంపింది నేనని చెప్పమంటావా? ఇవాళ పదో రోజు. కృష్ణకు వెళ్ళి ధర్మోదకాలు వదలాలి. అక్క మొహం చూశావు కదా. రథమొచ్చిందని ఎంత సంతోషపడుతోందో. ఈ ఒక్కపూట గడవనీ వల్లీ. నీకు దణ్ణం పెడతాను.”

“ఏ చేతుల్తో వదులుతారండీ ఆ నీళ్ళు?” అంది ఆమె. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “అత్తయ్యగారికి అన్నీ తెలిసే లోకంలో ఉన్నారనే కదా మనం పిండం పెడుతున్నది. ఆవిడకు ఇది తెలియదనుకుని నీళ్ళు వదులుతారా?”

“కావాలని చెయ్యలేదు.”

“టైము కావాలని పెట్టలేదు. ఒప్పుకుంటాను. పడిపోవడం ఆవిడ రాత. కానీ తెరేసమ్మ రాత మీరు రాశారు.”

“ఆ టైము కూడా నా అంతట నేను…” అని అతను ఏదో చెప్పబోయాడు.

తలుపు మీద చప్పుడైంది. గంగాప్రసాద్ గొంతు. “అమ్మాయ్ వల్లీ, వాచ్‌మన్ జక్కయ్య ఫోన్ చేశాడు కిందనుంచి. ఆ తెరేసమ్మట, మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చిందట. పైకి పంపమంటావా, పొమ్మంటావా?”

విశ్వేశ్వర్ తల అడ్డంగా ఊపాడు. నాగవల్లి తలుపు తీసింది. కానీ ఆమె నోరు విప్పేలోపే హాల్లోంచి రమాసుందరి మాట వినబడింది. తడి జుట్టు ముడేసుకుంటూ, ప్రశాంతంగా ఉంది ఆమె మొహం.

“రానివ్వండి. నేనే అనుకుంటున్నాను కబురు పెడదామని.”

తెరేసమ్మ ఒక్కతే పైకి వచ్చింది. మొగుడు లాజరు కింద వేపచెట్టు దగ్గరే నిలబడ్డాడట. ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేస్తాడతను. ఎక్కి వస్తే తగాదాకు వచ్చానంటారని రాలేదు. నలభై అయిదేళ్ళ మనిషి తెరేసమ్మ, తొమ్మిది రోజుల్లో ఇంకో పదేళ్ళు మీద పడినట్టుంది. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు కట్టుకునే నీలం చీర కట్టుకుని వచ్చింది. చెప్పులు మెట్ల మీదే వదిలి, గడప బయట నిలబడింది.

“దణ్ణాలండి. పెద్దమ్మగారి పదో రోజని తెలుసండి. ఇవాళ రాకూడదేమో. కానీ ఇంకెక్కడా పని పుట్టట్లేదండి నాకు. వీధి అవతల అపార్టుమెంట్లో కూడా అడిగానండి. ముసలావిణ్ణి పడేసి చంపింది నువ్వేనా అన్నారండి మొహం మీదే.” ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. “బాబుగారు ఒక్క మాట కింద సెక్రటరీగారితో అంటే చాలండి. నేను చెయ్యలేదని అనక్కర్లేదండి. తెలీదని అన్నా చాలు.”

విశ్వేశ్వర్ పడకగది గుమ్మంలో నిలబడి నేల చూశాడు.

“లోపలికి రా తెరేసమ్మా,” అంది రమాసుందరి. “ఇలా, దీపం దగ్గరికి రా. పిండి తొక్కకు, ఇటుపక్క నుంచి. విను. అమ్మకు పుణ్యలోకం ప్రాప్తించింది. గుర్తు కూడా పడింది. ఆవిడకే నీ మీద పగ లేనప్పుడు మాకెందుకు? ఏదో ఏమరపాటున జరిగింది. కావాలని చెయ్యలేదు నువ్వు.”

“నేనసలు చెయ్యలేదండి.”

“మళ్ళీ అదే మాట. చూడు, నీకు నీ దేవుడున్నాడు. తప్పు ఒప్పుకుంటే క్షమిస్తాడని మీ ఫాదరు చెప్పడూ? ఈ దీపం ముందు వంగి, తప్పయిపోయింది పెద్దమ్మగారూ అని ఒక్క మాట అను. ఆ మాట అంటే చాలు, తమ్ముడు ఇప్పుడే వెళ్ళి నీ ఇళ్ళన్నీ నీకు ఇప్పిస్తాడు. ఏరా?”

విశ్వేశ్వర్ తల కొంచెం కదిలింది. అవునన్నట్టే కదిలింది.

నాగవల్లి వింటూ నిలబడింది. వదినగారి గొంతులో కపటం లేదు. నిజంగా దయతోనే అంటోంది. రథం చూసిన సంతోషంలో అందరినీ క్షమించాలనిపిస్తోంది ఆమెకు. ఆ దయ తిన్నగా వెళ్ళి ఏ తప్పూ చెయ్యని మనిషి మెడ వంచుతోంది. చెప్పాలి. ఇప్పుడే. ముందు మొగుడి వైపు చూసింది. మొగుడు రెండు చేతులూ నడుం దగ్గర పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా, ఆమెకే కనబడేలా జోడించాడు.

తెరేసమ్మ నిలబడే ఉంది. “ఆ మాట అంటే నేను చేసినట్టే కదండీ.”

“చేసినట్టు కాదు. అయిపోయినట్టు.”

“ఇళ్ళు మళ్ళీ ఇస్తారాండి?”

“ఇస్తారు. నాది పూచీ.”

తెరేసమ్మ కొంగు భుజం మీదుగా లాక్కుంది. రెండు అడుగులు వేసి దీపం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, వాళ్ళ గుళ్ళో కూర్చున్నట్టే. చేతులు జోడించింది. తల వంచింది. పెదవులు విడివడ్డాయి.

అలాగే ఉండిపోయింది.

రమాసుందరి కాసేపు చూసి, “అను,” అంది మెల్లగా.

తెరేసమ్మ అనలేదు. ఆమె చూపు నేల మీద ఉంది. ఇరవై ఏళ్ళుగా నేలను చూసి బతికిన కళ్ళు. ఒక గీత వెంట కొంతదూరం వెళ్ళాయి, దీపం దగ్గర వంపు తిరిగాయి, వెనక్కి వచ్చాయి. చేతులు విడదీసి, ఒక వేలితో పిండి మీద ఆ పలచని దారి అంచు తాకింది.

“ఇక్కడ పిండి చల్లింది ఎప్పుడండీ?”

“నిన్న సాయంత్రం. ఎందుకు?”

“రాత్రి మిషను వేశారాండి?”

“ఏ మిషను?”

“ఊడ్చేదండి. ఇది దాని జాడండి అమ్మా. ఎడమ చక్రం కొంచెం అరిగిందండి దానికి, అందుకని ఈ గీత చూడండి, మధ్యమధ్యలో తెగిపోతా ఉంటది. నేను రోజూ గుడ్డెట్టి చెరిపేదాన్ని ఇదే గీత.” ఆమె మాటల్లో పేచీ లేదు, వాదన లేదు. తెలిసిన మనిషిని వీధిలో చూసి పేరు చెప్పినట్టు చెప్పింది. తర్వాత ఆమెకే ఏదో తట్టింది. మోకాళ్ళ మీదే ఉండి మెల్లగా తలెత్తింది. “తలుపులన్నీ ఏసుంటే ఎవరేశారండీ దాన్ని?”

గంగాప్రసాద్ గీతల మీదికి వంగాడు. ఈసారి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. టీవీ బల్ల దాకా నడిచాడు.

రమాసుందరి మొహం మీద ప్రశాంతత ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి దానికి వ్యవధి పట్టింది. “ఏం మాట్లాడుతోంది ఇది? వల్లీ, ఏమిటే?”

అన్ని కళ్ళూ నాగవల్లి మీద పడ్డాయి. మొగుడి కళ్ళు కూడా. ఆ కళ్ళల్లో పద్దెనిమిదేళ్ళ కాపురం ఉంది. జబ్బు చేసినప్పుడు పక్కన కూర్చున్న రాత్రులున్నాయి. ఆమె వాటిని చూసింది, చూసి తప్పుకుంది.

“నిజమే వదినా. మిషనే. పడకగదిలో ఉంది, చక్రాల నిండా పిండి. ఎవరూ వెయ్యక్కర్లేదు దాన్ని. తెల్లవారుజామున అయిదున్నరకు తనే బయల్దేరుతుంది.” తెరేసమ్మ వంక చూసింది. “అత్తయ్యగారు పోయిన రోజు కూడా అయిదున్నరకు బయల్దేరింది. నేల తడిచేసింది అదే. తెరేసమ్మ కాదు.”

తెరేసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది, చప్పుడు లేకుండా.

“అమ్మకు రథం…” అంది రమాసుందరి. తర్వాత ఆ మాటను అక్కడే వదిలేసింది. ఆమె గొంతు మారింది. “టైము ఎవరు పెట్టారు దానికి? నువ్వా?”

“నేను కాదు.”

“ఇంకెవరు? ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఒకరు పోయారు. ఇంత తెలిసి ఈవిణ్ణి తొమ్మిది రోజులు బయట నిలబెట్టింది ఎవరు? అమ్మ నేల మీద అలా…” ఆమె దీపం వైపు చెయ్యి చూపింది. “ఎవరో చెప్పండి. దీపం ముందు చెప్పండి.”

“నేనే అక్కా,” అన్నాడు విశ్వేశ్వర్.

అతను గుమ్మంలోంచి కదిలి ముందుకొచ్చాడు. పిండి తొక్కుతున్నానని కూడా చూసుకోలేదు. గీతల మీదుగానే నడిచి వచ్చాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి అతను ఎవరి కళ్ళల్లోకో తిన్నగా చూశాడు.

“పెట్టింది నేనే. దాచింది నేనే. తెరేసమ్మ మీద వేసిందీ నేనే. ఆ పాపం నాది, అందులో నీకు వాటా లేదు. కానీ అయిదున్నరకు ఎందుకు పెట్టానో అడుగు.”

రమాసుందరి ఒక అడుగు వెనక్కి వేసింది.

“ముందురోజు సాయంత్రం కొట్టుకు ఫోన్ చేశావు నువ్వు. అమ్మ దీపం పెట్టాక ఎనిమిదింటికి చీపురు తిప్పినట్టు ఆ మిషను తిప్పుతున్నారట, దీపం పెట్టిన ఇంట్లో ఆ పని చేస్తే లక్ష్మి నిలుస్తుందా, అమ్మ నాతో చెప్పుకుని బాధపడుతోంది అన్నావు. దీపానికి ముందే ఊడ్చి తుడిచి ఉండాలి, రేపట్నుంచే అలా చెయ్యమన్నావు. చేశాను.”

నాగవల్లికి ఆ ఫోన్ సంగతి తెలియదు. నిజమా? తెరేసమ్మ మీద వేసినట్టే ఇప్పుడు అక్క మీద వేస్తున్నాడా? పద్దెనిమిదేళ్ళు కలిసి బతికిన మనిషి మాట నిజమో కాదో మొహం చూసి పోల్చుకోలేని రోజు ఒకటి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. వదినగారి వైపు తిరిగింది. కాదని అంటుందేమోనని చూసింది.

రమాసుందరి కాదనలేదు. అవుననీ అనలేదు. ఆమె చూపు తమ్ముడి మీద లేదు, భర్త మీద లేదు. వెలుగుతున్న దీపం మీద కూడా లేదు. బార్లా తీసి ఉన్న వీధి తలుపు మీద ఉంది. మెట్ల మీద ఎవరో పైకి వస్తున్న అడుగుల చప్పుడు. పురోహితుడుగారై ఉండొచ్చు. ఆగి ఆగి విసిగిన లాజరై ఉండొచ్చు.

“తెరేసమ్మగారూ,” అని పిలిచాడు గంగాప్రసాద్. ఆ పిలుపుకు ఆయనే తడబడ్డాడు. “ముందు మీరు లేవండి అక్కణ్ణుంచి.”

తెరేసమ్మ లేచింది. “నాకెవరి మీదా ఏం లేదండి,” అంది. “ఎవరు పెట్టినా, ఎవరు పెట్టమన్నా, మీరూ మీరూ చూసుకోండి. ఇప్పుడన్న మాటే బాబుగారు కిందికొచ్చి అంటే చాలు. మా ఆయన వింటే చాలు. నేను పోయి పిలుస్తానుండండి.”

ఆమె తలుపు వైపు నడిచింది. నాలుగడుగులు. ఆమె కంటే ముందు రమాసుందరి నడిచింది. తలుపు మూసి, పైగడియ పెట్టి, ఆ గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, వెనక్కి తిరిగింది.

“కూర్చో తెరేసమ్మా,” అంది కుర్చీ చూపించి. “ఎవరూ కిందికి వెళ్ళకముందే మనం మాట్లాడుకోవాలి.”

ఆ ఇంట్లో ఆమెను కుర్చీ చూపించి కూర్చోమనడం అదే మొదటిసారి.